పైకప్పు తెరుచుకునే సూపర్‌కారును రోజూ నడపడమంటే

మెక్‌లారెన్ సంస్థ 720ఎస్ కారును 2017లో కూపేగా, అంటే పైకప్పు కదలని రూపంలో మార్కెట్లోకి తెచ్చింది. పైకప్పు తెరుచుకునే స్పైడర్ రూపాన్ని 2018 డిసెంబరులో ప్రకటించింది. రెండింటి వివరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడాను వెతుక్కోవలసి వస్తుంది. రెండింటిలోనూ ఉన్నది జంట టర్బోల (ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరాల) 4 లీటర్ల వి8 ఇంజినే, అంటే ఎనిమిది సిలిండర్లది; దాని శక్తి 720 పీఎస్ (మెట్రిక్ గుర్రపు శక్తులు). స్పైడర్ బరువు కూపే కంటే 49 కిలోలు ఎక్కువ. నిలిచిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని రెండూ 2.9 సెకన్లలోనే అందుకుంటాయి. 200 కిలోమీటర్ల వేగానికి కూపేకు 7.8 సెకన్లు, స్పైడర్‌కు 7.9 సెకన్లు పడుతుంది. పైకప్పు మూసి ఉంటే రెండింటి గరిష్ఠ వేగమూ 341 కిలోమీటర్లే. తెరిచి ఉంటే స్పైడర్ 325 దగ్గర ఆగుతుంది. అయినప్పటికీ సూపర్‌కార్ల అభిమానుల్లో ఒక పాత అభిప్రాయం గట్టిగా పాతుకుపోయి ఉంది: కారు నడపడం మీద మక్కువ ఉన్నవాడు కూపే కొంటాడనీ, నలుగురి కంట్లో పడాలనుకునేవాడు స్పైడర్ కొంటాడనీ. రేస్ ట్రాక్ మీద ప్రతి కిలో బరువునూ లెక్కపెట్టే వారి నోట ఈ మాట వింటే అందులో కొంత న్యాయం కనిపిస్తుంది. ఆ కారునే ఆఫీసుకు, అంగడికి, ఊరి బయట ఉన్న స్నేహితుల ఇంటికి తీసుకువెళ్లే మనిషి వైపు నుంచి చూస్తే మాత్రం ఇది నిలబడదు. ఇటువంటి కారును తరచుగా రోడ్డు మీద నడిపేవారికి స్పైడర్‌ను ఎంచుకోవడమే తెలివైన లెక్క అని చెప్పడానికి గట్టి కారణాలు ఉన్నాయి.

మొదటి కారణం వేగ పరిమితి. బ్రిటన్ మోటార్‌వేల (అక్కడి పెద్ద రహదారుల) మీద అనుమతించిన వేగం గంటకు 70 మైళ్లు, అంటే సుమారు 113 కిలోమీటర్లు. 720ఎస్ మూడు సెకన్ల పైచిలుకులో ఆ వేగాన్ని చేరుకుంటుంది. ఆ తరువాత చట్టానికి లోబడి నడిపే మనిషికి ఇంజిన్‌తో పెద్దగా పని ఉండదు. జర్మనీలో ఆటోబాన్ అనే రహదారుల్లో వేగ పరిమితి లేని భాగాలను మినహాయిస్తే ఐరోపాలో దాదాపు ఎక్కడైనా ఇదే పరిస్థితి. పైగా ఆధునిక సూపర్‌కారు ఎంత నేర్పుగా తయారవుతున్నదంటే, అద్దాలు ఎత్తి కూర్చుంటే 60 కిలోమీటర్ల వేగం నిలబడి ఉన్నట్టే తోస్తుంది. డ్రైవరుకు ఏదైనా అనుభూతి కలగాలంటే చట్టం ఒప్పుకోని వేగానికి పోవలసి వస్తుంది. కూపేతో రోజూ వచ్చే చిక్కు ఇదే. పైకప్పు తీసిన కారులో అదే 60 కిలోమీటర్ల వేగం దగ్గర తల వెనుక ఇంజిన్ గాలి పీల్చుకోవడం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బోలు నిట్టూర్చడం, పల్లె దారుల్లో రాతిగోడలకు తగిలి ఎగ్జాస్ట్ శబ్దం వెనక్కి రావడం, కోసిన గడ్డి వాసన, వాన పడబోయే ముందు చల్లబడే గాలి అన్నీ డ్రైవరుకు అందుతాయి. కారు సామర్థ్యంలో పదో వంతు కూడా వాడకుండానే కారు నడిపిన తృప్తి దక్కుతుంది. లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్లు పడకుండా సూపర్‌కారును ఆస్వాదించడానికి ఇంతకంటే సూటి మార్గం కనిపించదు.

అయితే ఈ వాదన నిన్న మొన్నటి దాకా చెల్లేది కాదు. పైకప్పు తీయడం, వేయడం అనే పని ఎంత కష్టంగా ఉంటే రోజువారీ వాడకం అంత దూరమవుతుంది. 2000లో వచ్చిన ఫెరారీ 550 బార్కెట్టాకు పైకప్పు అన్నదే లేదు; వానలో చిక్కుకుంటే వేసుకోవడానికి ఒక గుడ్డ టాపు ఇచ్చి, అది వేసుకున్నప్పుడు 110 కిలోమీటర్ల వేగం దాటవద్దన్నారు. 12 సిలిండర్ల ఇంజిన్ ఉన్న కారుకు అది గొడుగులాంటి ఏర్పాటు. లంబోర్గినీ ముర్సియెలాగో రోడ్‌స్టర్ కథా దాదాపు ఇదే. చేత్తో బిగించుకోవలసిన దాని గుడ్డ టాపుతో 160 కిలోమీటర్ల వేగం మించకూడదు. 2012 చివర్లో ప్రకటించిన అవెంతడోర్ రోడ్‌స్టర్‌కు గుడ్డ పోయి కార్బన్‌తో చేసిన రెండు పలకలు వచ్చాయి. ఒక్కొక్కటి 6 కిలోల లోపే ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ వాటిని చేత్తో ఊడదీసి ముందున్న డిక్కీలో అమర్చుకోవాలి. అవి అమరాక అక్కడ మరో సంచికి చోటు ఉండదు. మోటార్‌వే మీద వాన మొదలైతే కారును పక్కకు ఆపి, దిగి, డిక్కీ తెరిచి, పలకలు ఒక్కొక్కటిగా బిగించేసరికి సీట్లు తడిసే ఉంటాయి. అటువంటి కారును పండుగలకూ పబ్బాలకూ బయటికి తీయగలరేమో గాని సోమవారం ఉదయం ఆఫీసుకు తీసుకువెళ్లరు.

ఈ పరిస్థితిని మార్చినది 2011 ఫ్రాంక్‌ఫర్ట్ కార్ల ప్రదర్శనలో కనిపించిన ఫెరారీ 458 స్పైడర్. ఇంజిన్ మధ్యలో ఉండే కారుకు, మడిచి లోపలికి పోయే గట్టి పైకప్పును అమర్చడం అదే మొదటిసారి. అల్యూమినియంతో చేసిన ఆ పైకప్పు 14 సెకన్లలో ఇంజిన్‌కు పైభాగాన ఉన్న అరలోకి వెళ్లి కూర్చుంటుంది. అంతకుముందటి గుడ్డ టాపు ఏర్పాటు కంటే ఇది 25 కిలోలు తేలిక అని ఫెరారీ చెప్పింది. సీట్ల వెనుకే ఇంజిన్ ఉన్న కారులో పైకప్పు దాచుకోవడానికి చోటు ఎక్కడిదన్న ప్రశ్నే అంతవరకు తయారీదారులను ఆపుతూ వచ్చింది. కప్పును రెండు ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి బోర్లించి పడుకోబెట్టడంతో ఆ చిక్కు తీరింది. మరుసటి సంవత్సరమే మెక్‌లారెన్ 12సీ స్పైడర్‌తో అదే దారి పట్టింది. లంబోర్గినీ హురకాన్ స్పైడర్, ఆడీ ఆర్8 స్పైడర్ మాత్రం గుడ్డ టాపునే ఉంచుకుని దానిని మోటార్ల సాయంతో నడిపించాయి.

ఇక్కడి నుంచి లెక్క సెకన్లలోకి దిగుతుంది. బయటి నుంచి చూసేవారికి అల్పంగా కనిపించినా, తరచుగా నడిపేవారికి అన్నిటికంటే ముఖ్యమైన అంకెలు ఇవే. 2014 నాటి మెక్‌లారెన్ 650ఎస్ స్పైడర్‌లో పైకప్పు కదలడానికి 17 సెకన్ల లోపు పట్టేది, కారు వేగం 30 కిలోమీటర్లు మించకూడదు. 720ఎస్ స్పైడర్‌లో అది 11 సెకన్లకు తగ్గింది, వేగం 50 కిలోమీటర్ల దాకా ఉండవచ్చు. ఫెరారీ 488 స్పైడర్‌కు 14 సెకన్లు, 45 కిలోమీటర్లు. హురకాన్‌కు 17 సెకన్లు, 50 కిలోమీటర్లు. రెండో తరం ఆర్8 స్పైడర్‌కు 20 సెకన్లు, 50 కిలోమీటర్లు. ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు చినుకు మొదలైందనుకుందాం. పైకప్పు సగం మూసుకునేలోగా ఆకుపచ్చ దీపం వెలిగితే, 30 కిలోమీటర్ల పరిమితి ఉన్న కారు వెనుకవారి హారన్లు వింటూ నత్తనడక నడవాలి; 50 కిలోమీటర్ల పరిమితి ఉన్నది నగరపు వాహనాల వరుసలో మామూలుగా కలిసిపోతుంది. ఎండ కాస్తూనే చినుకు పడే బ్రిటన్ వాతావరణంలో ఒక్క ప్రయాణంలోనే నాలుగైదు సార్లు పైకప్పు తీసి వేయవలసి రావచ్చు. ఆ పని తేలికైతేనే డ్రైవరు దానికి పూనుకుంటాడు. లేకపోతే కొన్న నెల రోజులకే పైకప్పు శాశ్వతంగా మూతపడి, స్పైడర్ కాస్తా బరువెక్కువ కూపేగా మిగులుతుంది.

బరువు మాట వచ్చింది కనుక దాని వెనుక ఉన్న ఇంజినీరింగును చూడాలి. మామూలు ఉక్కు లేదా అల్యూమినియం కారులో పైకప్పు కూడా శరీర నిర్మాణంలో భాగమే. ముందు స్తంభాలనూ వెనుక స్తంభాలనూ అది కలిపి పట్టుకుంటుంది. దానిని కోసివేస్తే గుంతల్లో పడినప్పుడు చట్రం మెలితిరుగుతుంది, ముందు అద్దం అంచు వణుకుతుంది, స్టీరింగులో స్పష్టత పోతుంది. దాన్ని సరిదిద్దడానికి అడుగున అదనపు దూలాలు వేయాలి, వాటితో బరువు పెరుగుతుంది. హురకాన్ స్పైడర్ తన కూపే కంటే 120 కిలోలు ఎక్కువ తూగడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. మెక్‌లారెన్ కార్లకు కూర్చునే చోటు మొత్తం కార్బన్ ఫైబర్ తొట్టిగా ఉంటుంది, గట్టిదనమంతా ఆ తొట్టి అడుగులోనూ పక్కలలోనూ ఉంటుంది. పైకప్పు తీసేసినా అది వంగదు. అందుకే అక్కడ 49 కిలోలతో సరిపోయింది, అందులోనూ ఎక్కువ భాగం కప్పును మడిచే యంత్రాంగానిదే. ఈ తేడా ట్రాక్ మీద కంటే పగుళ్లు పడిన నగర రోడ్డు మీదే బాగా తెలుస్తుంది. పాతకాలపు ఓపెన్ టాప్ కారులో ప్రతి గతుకుకూ ఏదో ఒక ప్లాస్టిక్ భాగం కిర్రుమనేది. ఆ శబ్దాన్ని రోజూ భరించడం ఎంత ధనవంతుడికైనా చికాకే.

గాలి సంగతి అంత సులభంగా తేలదు. ఓపెన్ కారులో గాలి ముందు నుంచి ముఖాన కొడుతుందని చాలామంది అనుకుంటారు గాని అది వెనుక నుంచి వస్తుంది. ముందు అద్దం పైఅంచు దగ్గర గాలిధార విడివడి తల మీదుగా వెళ్లిపోతుంది. దాని కింద, కూర్చునే చోట ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటును పూడ్చడానికి వెనుక నుంచి గాలి సీట్ల సందుల్లోంచి ముందుకు దూకుతుంది. మెడ పట్టేయడానికీ, జుట్టు కళ్ల మీద పడడానికీ కారణం ఈ వెనుకగాలే. నాలుగు సీట్ల కన్వర్టిబుల్‌లో వెనుక పెద్ద ఖాళీ ఉంటుంది కనుక ఈ బాధ ఎక్కువ. రెండు సీట్ల సూపర్‌కారులో డ్రైవరు వీపు వెనుకే గోడ, దాని వెనుకే ఇంజిన్. తెరుచుకునే భాగం చిన్నది. అందువల్ల ఈ కార్లు చాలా సాధారణ కన్వర్టిబుల్స్ కంటే ప్రశాంతంగా ఉంటాయి. పక్క అద్దాలు ఎత్తి, వెనుక చిన్న అద్దాన్ని సగం లేపి, హీటరు పెంచితే చలికాలపు పొడి ఉదయాన కూడా పైకప్పు లేకుండా హాయిగా వెళ్లవచ్చు. సీట్లు వేడెక్కే సదుపాయం ఈ సందర్భంలో విలాసం కిందికి రాదు.

వెనుక అద్దానికి మరో ఉపయోగం ఉంది, కొనేముందు దాన్ని పట్టించుకునేవారు తక్కువ. మెక్‌లారెన్ స్పైడర్లలోనూ హురకాన్, ఆర్8 స్పైడర్లలోనూ అది పైకప్పుతో సంబంధం లేకుండా విడిగా కిందికి దిగుతుంది. వానలో పైకప్పు మూసి ఉంచి, వెనుక అద్దాన్ని మాత్రం దించుకుంటే తడవకుండానే ఇంజిన్ శబ్దం మొత్తం లోపలికి వస్తుంది. ఐరోపాలో 2018 నుంచి పెట్రోలు కార్లకు సూక్ష్మ ధూళిని పట్టే ఫిల్టర్లు రావడంతో ఎగ్జాస్ట్ గొంతు కొంత మూగబోయింది. ఆ లోటును తీర్చడానికి ఈ చిన్న అద్దమే దిక్కు. కూపే యజమానికి ఈ వీలు లేదు.

శబ్దానికి మరో పార్శ్వమూ ఉంది. మోటార్‌వే మీద 110 కిలోమీటర్ల వేగంతో రెండు మూడు గంటలు పైకప్పు లేకుండా వెళ్తే గాలి హోరు చెవులను అలసిపోయేలా చేస్తుంది, పక్కవారితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. దూర ప్రయాణాలకు పైకప్పు మూసుకోవడమే మంచిది. గట్టి పైకప్పు ఉన్న కార్లలో అప్పుడు లోపలి వాతావరణం కూపేకు దాదాపు సమానంగా ఉంటుంది. గుడ్డ టాపులో కాస్త ఎక్కువ హోరు వినిపిస్తుంది. ఫోన్ మాట్లాడేవారి కోసం ఆడీ సంస్థ ఆర్8 స్పైడర్ సీటు బెల్టులోనే మైక్రోఫోన్లు కుట్టించింది. నోటికి అంత దగ్గరగా మైకు ఉంటే గాలి హోరులో కూడా అవతలివారికి మాట వినబడుతుంది. ఆర్8ను రోజూ వాడదగ్గ సూపర్‌కారుగా చెప్పుకోవడానికి దాని పది సిలిండర్ల ఇంజిన్ కంటే ఇటువంటి చిన్న చిన్న ఆలోచనలే ఎక్కువ కారణం. 2024లో దాని తయారీ ఆగిపోవడంతో ఆ వరుసలో ఒక ఖాళీ ఏర్పడింది.

సామాను విషయంలో ఆశలు తగ్గించుకోక తప్పదు. 720ఎస్ స్పైడర్‌కు ముందు డిక్కీలో 150 లీటర్ల చోటు ఉంది. వారానికి సరిపడే కూరగాయలు, సరుకులు, లేదా ఇద్దరికి రెండు రోజుల బట్టలు పడతాయి. వెనుక, పైకప్పు మడిచి దాచే అరలో మరో 58 లీటర్ల చోటు దొరుకుతుంది గాని, అది పైకప్పు మూసి ఉన్నంతసేపే. అక్కడ సంచి పెడితే పైకప్పు తీయడానికి లేదు. బయలుదేరేముందు ఆకాశాన్నీ సామానునూ కలిపి లెక్క వేసుకోవలసిన కారు ఇది. సామాను మెత్తటి సంచుల్లో ఉంటే పడుతుంది, చక్రాల పెట్టెలైతే పట్టవు.

కారులోకి ఎక్కడం, దిగడం దగ్గర పైకప్పు తెరుచుకోవడం ఊహించని మేలు చేస్తుంది. కార్బన్ తొట్టి అంచు వెడల్పుగా ఉంటుంది, సీటు నేలకు ఆనుకున్నట్టు ఉంటుంది. కూపేలో తల వంచి, నడుము తిప్పి, కాళ్లు లోపలికి లాక్కోవాలి. పైకప్పు తీసి ఉంటే మొదట తొట్టి అంచు మీద కూర్చుని లోపలికి జారవచ్చు. బ్రిటన్‌లో పార్కింగ్ గడి సాధారణంగా 2.4 మీటర్ల వెడల్పు ఉంటుంది. 720ఎస్ అద్దాలు మినహాయిస్తేనే 1.93 మీటర్లు. పక్కకారు గీత తొక్కి నిలిపితే తలుపు పూర్తిగా తెరుచుకోదు, అప్పుడు పైకప్పు లేకపోవడం అక్కరకు వస్తుంది. నడి వయసు దాటినవారే ఈ కార్లు కొనగలుగుతున్న లోకంలో నడుము నొప్పిని లెక్కలోకి తీసుకోకపోతే విశ్లేషణకు అర్థం లేదు.

వెనుక చూపు మాత్రం స్పైడర్లకు పాత జబ్బే. పైకప్పు అరను కప్పే రెండు ఎత్తైన గుబ్బలు పక్క చూపును అడ్డుకుంటాయి. వాలుగా కలిసే రోడ్డు మీది నుంచి మోటార్‌వే ఎక్కేటప్పుడు భుజం మీదుగా చూస్తే ఆ గుబ్బ తప్ప ఏమీ కనిపించదు. 720ఎస్ స్పైడర్‌లో ఆ గుబ్బలకు గాజు పలకలు పెట్టారు, అది నిజంగా పనిచేసే పరిష్కారం. మిగతావాటిలో కెమెరాను, పక్క అద్దాలను నమ్ముకోవాలి.

నగరంలో నడపడానికి ఒకప్పుడు అసలు అడ్డంకి గేర్‌బాక్సు. లంబోర్గినీ గయార్డో కాలంలో ఒకే క్లచ్‌తో, యంత్రమే గేరు మార్చే పద్ధతి ఉండేది. ట్రాఫిక్‌లో తల ఊగేలా కుదిపేది, క్లచ్ త్వరగా అరిగేది. 458, 12సీ, హురకాన్‌ల తరంలో రెండు క్లచ్‌ల గేర్‌బాక్సులు రావడంతో ఈ కార్లు చిన్న హ్యాచ్‌బ్యాక్ అంత సాఫీగా పాకుతున్నాయి. 720ఎస్ వంటి మెక్‌లారెన్‌ల సస్పెన్షన్‌లో డ్యాంపర్లను (చక్రాల కుదుపును అణచే భాగాలను) హైడ్రాలిక్ గొట్టాలతో ఒకదానితో ఒకటి కలిపి, మామూలు కార్లలో మలుపుల్లో ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్లనే కడ్డీలను తీసేశారు. మలుపులో కారు ఒరగదు, గతుకుల్లో డ్రైవరు నడుమూ విరగదు. కార్బన్ సిరామిక్ బ్రేకులు మాత్రం చల్లగా ఉన్నప్పుడు కొంచెం మొద్దుగా ఉంటాయి, ఉదయం పూట వీధి చివర కీచుమంటాయి. వేసవి టైర్లు 7 డిగ్రీల కంటే చల్లటి వాతావరణంలో గట్టిపడి పట్టు కోల్పోతాయి. ఏడాది పొడవునా నడపదలచుకున్నవారికి చలికాలపు టైర్ల జత ఒకటి అదనపు ఖర్చు. స్పీడ్ బ్రేకర్ల విషయానికొస్తే, బ్రిటన్ నిబంధనలు 100 మిల్లీమీటర్ల ఎత్తు దాకా అనుమతిస్తాయి. కారు ముందు అంచు నేల నుంచి సుమారు అంతే ఎత్తులో ఉంటుంది. ముక్కును కాస్త పైకెత్తే లిఫ్ట్ సదుపాయం లేని సూపర్‌కారును రోజువారీ వాడకానికి కొనడం పొరపాటు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ముందుగా చూడవలసింది ఈ బటన్ ఉందా లేదా అన్నదే.

ఇక్కడ ఒక విరోధాభాసం ఉంది. సూపర్‌కార్లలో చెడిపోయే భాగాల్లో చాలా వరకు వాడకం వల్ల కంటే వాడకపోవడం వల్లే చెడతాయి. బ్యాటరీ కొన్ని వారాల్లోనే ఖాళీ అవుతుంది, నిలబడిన చోటే టైర్లు ఒక పక్క చదునవుతాయి, ఏసీ సీళ్లు ఎండిపోతాయి, పెట్రోలు పాతబడుతుంది. పైకప్పు యంత్రాంగానికి ఇది మరీ వర్తిస్తుంది. నెలల తరబడి కదలని హైడ్రాలిక్ భాగాలు మొరాయిస్తాయి, రబ్బరు సీళ్లు గట్టిపడి కిర్రుమంటాయి. వాన నీరు పోవడానికి పైకప్పు అంచుల్లో సన్నటి కాలువలు ఉంటాయి. చెట్టు కింద నిలిపిన కారులో ఆకులు పడి అవి పూడుకుపోతే నీరు వెనక్కి తన్ని లోపలి ఎలక్ట్రానిక్ పెట్టెల్లోకి దిగుతుంది. ఆ మరమ్మతు బిల్లు చిన్న కారు ధరను గుర్తు చేస్తుంది. సీళ్లకు ప్రత్యేకమైన గ్రీజు పూయడం, ఆ కాలువలను శుభ్రం చేయడం, వారానికి ఒకసారైనా పైకప్పును కదిలించడం అనే మూడు అలవాట్లు ఉంటే స్పైడర్ కూపే కంటే ఎక్కువ సతాయించదు.

అయినా యజమానులు కారును దాచుకోవడానికి కారణం డబ్బు. ఈ తరగతి కారులో పెట్రోలు ఖర్చు అసలు ఖర్చే కాదు. లీటరుకు 8 కిలోమీటర్ల చుట్టుపక్కల వచ్చినా, నగరంలో అది ఇంకా తగ్గినా, అసలు నష్టం మీటరు మీద కనిపించే ప్రతి కిలోమీటరుకూ కారు పునర్విక్రయ ధర తరిగిపోవడంలో ఉంది. 720ఎస్ స్పైడర్ బ్రిటన్‌లో 2,37,000 పౌండ్ల ధరతో మొదలైంది, కొన్నేళ్లలోనే దాని విలువ బాగా పడిపోయింది. ఫెరారీలు విలువను మెరుగ్గా నిలుపుకుంటాయి గాని, అక్కడ తక్కువ తిరిగిన కారుకు ఇచ్చే అదనపు ధర ఇంకా ఎక్కువ కనుక, నడిపే యజమానికి పడే జరిమానా కూడా ఎక్కువే. రోజూ నడపదలచుకున్నవారు చేయదగింది, మొదటి యజమాని నష్టాన్ని భరించిన మూడు నాలుగేళ్ల కారును కొని, మీటరు వంక చూడడం మానేయడం. ఫెరారీ 2011 ప్రాంతం నుంచి కొత్త కార్లకు ఏడేళ్ల పాటు నిర్ణీత సర్వీసింగును ఉచితంగా ఇస్తోంది. అది కారుతో పాటు తరువాతి యజమానికీ దక్కుతుంది. 20,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకసారి అన్న ఆ సర్వీసింగు విరామమే, కారును నిజంగా నడుపుతారని తయారీదారు ఆశిస్తున్నట్టు చెబుతుంది.

ఇరుగుపొరుగు సంగతి ఇటీవల చట్టం దాకా వెళ్లింది. లండన్‌లో ధనికులు నివసించే కెన్సింగ్టన్, చెల్సీ ప్రాంతపు కౌన్సిల్ వేసవి రాత్రుల్లో సూపర్‌కార్ల హోరును అదుపు చేయడానికి 2015లో ప్రత్యేక ఆంక్షలు తెచ్చింది, తరువాత శబ్దాన్ని కొలిచే కెమెరాలను కూడా పెట్టింది. ఉదయం ఆరు గంటలకు ఇంటి ముందు ఇంజిన్ మొదలుపెట్టవలసిన మనిషికి ఇది దైనందిన సమస్యే. పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, విద్యుత్ మోటారు ఉండే హైబ్రిడ్ సూపర్‌కార్లు దీనికి జవాబు. 2024లో ప్రకటించిన మెక్‌లారెన్ ఆర్టూరా స్పైడర్ బ్యాటరీ మీద 33 కిలోమీటర్లు, ఫెరారీ 296 జీటీఎస్ 25 కిలోమీటర్లు వెళ్లగలవు. వీధి దాటేవరకు చప్పుడు చేయకుండా వెళ్లి, ఊరి బయట ఇంజిన్‌ను లేపవచ్చు. పైకప్పు తీసిన కారులో ఆ నిశ్శబ్దం కూపేలో దొరకని మరో అనుభవం: పిట్టల కూతలు వినిపించే సూపర్‌కారు ఇదివరకు అరుదు.

ఈ లెక్కలన్నీ హైదరాబాద్‌కు తెస్తే కొన్ని తారుమారవుతాయి. ఇక్కడ ఇటువంటి కార్లు లేకపోలేదు. ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద అవి కనిపిస్తూనే ఉంటాయి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు, గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు. ఉపరితలం నున్నగా ఉంటుంది, ఫాస్టాగ్ ఉంది కనుక నేలబారు సీటులోంచి చేయి చాచి టోల్ కట్టవలసిన అవస్థ లేదు. ఇబ్బంది ఆ రోడ్డు ఎక్కేలోపే వస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో వాలుగా ఉండాలి. అటువంటిదైతే లిఫ్ట్ ఉన్న కారు ఏటవాలుగా దాటగలదు. కాలనీవాళ్లు సిమెంటుతో సొంతంగా పోయించుకున్న నిటారు దిమ్మెలకు మాత్రం ఏ ప్రమాణమూ వర్తించదు.

రుతువులు కూడా తిరగబడతాయి. బ్రిటన్‌లో వేసవి వస్తే పైకప్పు తీస్తారు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండకు మూసి ఉంచి ఏసీ వేసుకోవాలి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయాలూ సాయంత్రాలూ తీయాలి. ఆ నాలుగు నెలలు లండన్ వేసవి కంటే నమ్మదగినవి, ఎందుకంటే అప్పుడు వాన పడే అవకాశం తక్కువ. దుమ్ము ఉంటుంది. సిగ్నల్ దగ్గర పక్కన నిలిచిన బస్సు పొగ, ఫోన్లతో చుట్టుముట్టే కుర్రాళ్లు, ఎంత పెట్టి కొన్నారు సార్ అన్న ప్రశ్న కూడా ఉంటాయి. తల మీద పైకప్పు లేనివాడు ఆ ప్రశ్న వినబడనట్టు నటించలేడు.

ఖర్చు పద్దు ఇక్కడ వేరు. విదేశాల్లో పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన కార్ల మీద దిగుమతి సుంకం చాలాకాలంగా 100 శాతం, ఆపైనే ఉంటూ వచ్చింది. దాని మీద జీఎస్టీ, ఆ మొత్తం మీద రాష్ట్రం వసూలు చేసే జీవితకాల పన్ను. తెలంగాణలో 20 లక్షల రూపాయలు దాటిన కార్లకు ఆ పన్ను 2022లో 18 శాతానికి పెరిగింది. ఇన్ని కలిశాక లండన్‌లో రెండున్నర కోట్లు పలికే కారు ఇక్కడ దానికి రెండింతలు దాటుతుంది. ఇంధనం విషయంలో కొంత ఊరట: ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన 100 ఆక్టేన్ పెట్రోలు పెద్ద నగరాల్లోని కొన్ని బంకుల్లో దొరుకుతుంది, టర్బో ఇంజిన్లకు కావలసినది అటువంటిదే. సర్వీసింగు మాత్రం ఇంకా మెడకు చుట్టుకునే విషయం. ఈ సంస్థల అధికారిక కేంద్రాలు ముంబై, ఢిల్లీ, బెంగళూరు వంటి కొద్ది నగరాల చుట్టూనే ఉన్నాయి. పైకప్పు మోటారు ఒకటి మొరాయిస్తే, ఆ కప్పు సగం తెరుచుకుని ఆగిపోయిన కారును టార్పాలిన్ కప్పి ఫ్లాట్‌బెడ్ లారీ మీద మరో రాష్ట్రానికి పంపవలసి రావచ్చు. హైదరాబాద్‌లో స్పైడర్‌ను తరచుగా నడపదలచుకున్నవారు గుర్రపు శక్తులను పోల్చేముందు, తమ ఊళ్లో ఆ పైకప్పు సంగతి తెలిసిన మెకానిక్ ఎవరైనా ఉన్నారా, విడిభాగం రావడానికి ఎన్ని వారాలు పడుతుంది అని అమ్మేవారిని అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవడం అవసరం.